దొడ్డిగుమ్మం (క్యాంపస్ గోడలు – 9)

ఏప్రిల్ 14 వచ్చిందంటే మన గోడల మీద ఒక ఫొటో తిరుగుతుంది. పెద్ద గోపురం, దాని ముందు బారులు తీరిన స్తంభాలు, కిందికి దిగే వెడల్పాటి రాతి మెట్లు. న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీ, లో లైబ్రరీ. "ఇక్కడ బాబాసాహెబ్ చదువుకున్నారు" అని కింద రాస్తాం. 1913 జులైలో బరోడా స్కాలర్‌షిప్ మీద ఆ ఊళ్ళో దిగిన 22 ఏళ్ళ కుర్రాడిని తలుచుకుంటే నాకూ ఒళ్ళు పులకరిస్తుంది. అందులో తప్పేం లేదు.

నా పేచీ ఆ తర్వాత రాసే వాక్యంతో. "సొంత దేశం గుమ్మం బయట నిలబెట్టిన మనిషికి అమెరికా యూనివర్సిటీ తలుపు తీసింది" అని. మనవాళ్ళు రాస్తారు. న్యూజెర్సీలో ఇల్లు కొనుక్కున్న అగ్రకులపు అన్నలు ఇంకా ఇష్టంగా రాస్తారు, ఎందుకంటే అందులో వాళ్ళు వెళ్ళిన దేశం గొప్పది, వాళ్ళ తాతలు మాత్రం ఎవరో తెలియనట్టు మాయమైపోతారు. ఆ తలుపు గురించి ఈ వారం కొంచెం మాట్లాడుకుందాం. అదే యూనివర్సిటీ, అదే కొండ మీద, 1968లో ఒక జిమ్ కట్టబోయింది. దానికి రెండు తలుపులు గీసింది. పై తలుపు విద్యార్థులకు. కింది తలుపు హార్లెం నల్లవాళ్ళకు.

ఇలాంటి వ్యాసం మొదలుపెట్టగానే "భవనాలకు కూడా కులం అంటగడతారా" అని ఒకరు వస్తారు. రానివ్వండి. మన దగ్గర ఇల్లు కట్టేటప్పుడు వాస్తు చూసి, వంటగది ఏ మూలో, పనిమనిషి ఏ దారిలో రావాలో తేల్చి, పనిమనిషికి పెరట్లో విడిగా మరుగుదొడ్డి కట్టించే జనమే ఈ ప్రశ్న అడుగుతారు.

ముందు పాత జిమ్ సంగతి. అది తెలియకపోతే కొత్తదాని రంగు అర్థం కాదు.

కొలంబియా 1897లో ఇప్పుడున్న చోటికి మారింది. మార్నింగ్‌సైడ్ హైట్స్ అంటారు, మన్‌హటన్‌కు పడమటి పక్కన మెరక. అంతకు ముందు అక్కడ పిచ్చాసుపత్రి ఉండేది. మెకిమ్, మీడ్ అండ్ వైట్ అనే పేరుమోసిన సంస్థలో చార్లెస్ మెకిమ్ క్యాంపస్ ప్లాన్ గీశాడు. నడిమధ్యన లో లైబ్రరీ. యూనివర్సిటీ అధ్యక్షుడు సెత్ లో తన తండ్రి పేరు మీద పది లక్షల డాలర్లు సొంత డబ్బు పెట్టి కట్టించాడు. లైబ్రరీ వెనకాల, ఉత్తరాన, యూనివర్సిటీ హాల్ అని ఇంకో మహా భవనం రావాలి. అడుగున పవర్‌హౌస్, జిమ్, ఈత కొలను. పైన భోజనశాల, సభామందిరం. నేల ఉత్తరానికి వాలుతుంది కాబట్టి, లైబ్రరీ వైపు నుంచి చూస్తే నేలమాళిగ, వెనక నుంచి చూస్తే ఎత్తయిన గోడ. ఆ గోడ వెనక్కి అర్ధచంద్రాకారంగా ఉబికి ఉంటుంది. మన చర్చిల్లో ఆల్టర్ వెనక గోడ గుండ్రంగా తిరిగే చోటును ఊహించుకోండి, దాన్ని పదింతలు చేయండి. జిమ్ ఆ అర్ధవృత్తంలో కూర్చుంది.

అడుగు భాగం కట్టారు. డబ్బు చాలక పై అంతస్తులు నిలిచిపోయాయి. 1914లో ఉన్న కాస్తా మంటల్లో దెబ్బతింది. గోపురమంత గొప్ప లైబ్రరీ వెనక, దశాబ్దాల పాటు తల లేని మొండెంలా ఆ సగం భవనం అలాగే ఉంది. 1964లో దాని నెత్తిన బిజినెస్ స్కూల్ కోసం యూరిస్ హాల్ కట్టారు. మెకిమ్ గీసింది మటుకు ఎన్నటికీ పూర్తి కాలేదు. పాత జిమ్ ఇప్పటికీ కింద ఉంది. బ్లూ జిమ్ అంటారు.

ఆ నేలమాళిగ నాకు భలే ఆసక్తి. పైన మేధస్సుకు రాతి గోపురం, కింద ఒంటికి బాయిలర్ల పక్కన చోటు. బొగ్గు వేసే కార్మికుడూ, పరుగు పందేనికి తయారయ్యే కుర్రాడూ చెమట కార్చింది ఒకే కప్పు కింద. ఒకడి చెమటకు కూలి, ఇంకొకడి చెమటకు కప్పు. ఆర్కిటెక్చర్ చరిత్రలు స్తంభాల గురించి పేజీలకు పేజీలు రాస్తాయి, ఆ బొగ్గు మోసినవాళ్ళ గురించి ఒక్క ముక్క రాయవు. సరే, అది ఇంకో వ్యాసం.

1950లు వచ్చేసరికి ఆ పాత జిమ్ ఇరుకైపోయింది. కొత్తది కావాలి. ఆ అవసరం నిజమే, దాన్ని నేను కాదనడం లేదు. ఎక్కడ కట్టాలన్నదే ప్రశ్న.

ఇక్కడ నేల గురించి చెప్పాలి. కొలంబియా మెరక మీద ఉందన్నాను కదా. దానికి తూర్పున కొండ నిట్టనిలువుగా తెగిపోతుంది. నల్లటి బండరాయి. ఎంత నిటారుగా ఉంటుందంటే, మన్‌హటన్ అంతటా గళ్ళు గీసినట్టు వీధులు వేసినవాళ్ళు అక్కడ వేయలేక 19వ శతాబ్దంలో దాన్ని పార్కుగా వదిలేశారు. మార్నింగ్‌సైడ్ పార్క్. సెంట్రల్ పార్క్ గీసిన ఓమ్‌స్టెడ్, వాక్స్ జంటే దీన్నీ గీసింది. దాదాపు 30 ఎకరాల సన్నటి పట్టీ, 110వ వీధి నుంచి 123వ వీధి దాకా. పట్టీకి పైన యూనివర్సిటీ, చర్చిలు, ప్రొఫెసర్ల ఇళ్ళు. కింద హార్లెం. 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో దక్షిణాది జిమ్ క్రో చట్టాల నుంచి, చెట్లకు ఉరితీసే గుంపుల నుంచి తప్పించుకొచ్చిన నల్లజనం నిండిన పేట.

ఊరు మెరకన, వాడ పల్లాన. ఇది మనకు ఎవరూ బొమ్మ గీసి చూపించక్కర్లేదు. వాన కురిస్తే ఊరి మురుగు ఎటు పారుతుందో మాలపల్లెలో, మాదిగ గూడెంలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. కారంచేడులో 1985 జులైలో ఆరుగురు మాదిగలను చంపిన గొడవ ఎక్కడ మొదలైంది? మాదిగలు తాగే చెరువు నీళ్ళను పాడు చేయొద్దని అడిగిన చోట. మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తి ఎదురు నిలబడిన చోట. పై నుంచి వచ్చేదాన్ని కిందివాళ్ళు నోరుమూసుకుని తీసుకోవాలన్నదే అక్కడి రూలు.

కులం, జాతి రెండూ ఒకటే అని నేను అనడం లేదు. ఆ తేడాల మీద బాబాసాహెబే రాశారు. 1946లో డు బాయిస్‌కు ఉత్తరం రాసినప్పుడు కూడా, ఆ రెండు బతుకుల మధ్య ఉన్న పోలికను ఆయన పని కోసం వాడుకున్నారు. నీగ్రోల తరఫున ఐక్యరాజ్యసమితికి పెట్టిన అర్జీ కాపీ పంపమన్నారు. అది పద్ధతి. పోలిక పద్యంలో అలంకారంలా పడి ఉండకూడదు, పనిముట్టులా పనికిరావాలి.

అసలు కథకు వద్దాం. కొలంబియా కన్ను పార్కు మీద పడింది. 1960లో రాష్ట్ర శాసనసభ చట్టం చేసి దారి చేసింది. 1961లో నగరంతో లీజు కుదిరింది. ప్రజల పార్కులో 2.1 ఎకరాలు, ఏడాదికి 3,000 డాలర్ల అద్దె. కట్టబోయే భవనం కోటి డాలర్ల పైమాట. ఆ కొండ అంచున, 113వ వీధి దరిదాపుల్లో, పై నుంచి కింది దాకా మెట్లు మెట్లుగా దిగే భవనం. యూనివర్సిటీ విద్యార్థులు మార్నింగ్‌సైడ్ డ్రైవ్ మీద నుంచి పై గుమ్మంలో వస్తారు. పై అంతస్తులన్నీ వాళ్ళవి. హార్లెం జనం పార్కు అడుగు నుంచి కింది గుమ్మంలో వస్తారు. వాళ్ళకు అడుగు భాగం. మొత్తంలో దాని వాటా మొదట 12 శాతం. గొడవ మొదలయ్యాక కింది భాగానికి కూడా విడిగా ఒక ఈత కొలను చేర్చి 15 శాతం దాకా తెచ్చారు.

ఆ ఈత కొలను దగ్గర కాసేపు ఆగండి. ఒకే భవనంలో రెండు కొలనులు! పైన ఒకటి ఉంది కదా, అందులో అందరూ ఈదితే పోదూ? పోదు. 1964 జూన్‌లో ఫ్లారిడాలోని సెయింట్ ఆగస్టీన్‌లో నల్లవాళ్ళు, వాళ్ళతో కలిసి తెల్ల ఉద్యమకారులు ఒక మోటెల్ కొలనులో దిగితే దాని మేనేజర్ నీళ్ళలో యాసిడ్ పోశాడు. ఆ ఫొటో ప్రపంచమంతా చూసింది. కొలంబియా పెద్దలు అలాంటి మోటువాళ్ళు కారు. యాసిడ్ పోయరు, ఇంకో కొలను కట్టిస్తారు. మన టీ హోటళ్ళలో దీన్ని రెండు గ్లాసుల పద్ధతి అంటాం. టీ ఇద్దరికీ ఒకటే, డబ్బులు ఇద్దరి దగ్గరా ఒకటే, గ్లాసే వేరు. "మీకు టీ పోయడం లేదా ఏంటి" అని హోటలు వాడు అడిగినట్టే, "మీకు ఈత కొలను కట్టడం లేదా ఏంటి" అని యూనివర్సిటీ అడిగింది.

యూనివర్సిటీ తరఫు వాదనలు కొన్ని ఉన్నాయి. వాటిని ఎగతాళి చేసి వదిలేస్తే లాభం లేదు, ఎందుకంటే ఇవే వాదనలు రేపు మీ క్యాంపస్‌లో మీకు ఎదురవుతాయి.

మొదటిది నేల వాలు. విద్యార్థులు కొండ పైన ఉంటారు, హార్లెం జనం కింద ఉంటారు, ఎవరికి దగ్గరైన గుమ్మం వాళ్ళకి పెట్టాం, ఇందులో వివక్ష ఏముంది అన్నారు. కొండను దేవుడు చేశాడు, నిజమే. కొండకు గుమ్మం పెట్టింది దేవుడు కాదు. లోపల మెట్లు ఉండి, పైనించి వచ్చినవాడు కిందికి, కిందినించి వచ్చినవాడు పైకి తిరగగలిగితే ఆ రెండు గుమ్మాలూ రెండు దారులు మాత్రమే. లోపల గోడ పెట్టి, ఎవరి భాగం వాళ్ళదంటే అవి రెండు కులాలు. మన గుళ్ళ దగ్గర చెప్పే మాటే ఇది. మీ వాడ అటువైపు ఉంది కాబట్టి అటువైపే నిలబడి దండం పెట్టుకోండి అంటారు. వాడను అటువైపు ఎవరు పెట్టారో చెప్పరు.

రెండోది దాతృత్వం. మా డబ్బుతో కడుతూ మీకు ఉచితంగా కొంత ఇస్తున్నాం కదా అన్నారు. ఇస్తున్నది ఎవరు, ఎవరికి? పార్కు నగర ప్రజలది. ఆట స్థలాలు కరువైన పేటకు మిగిలిన పచ్చటి జాగా అది. అందులోంచి 2.1 ఎకరాలు తీసుకుని, దాని మీద కట్టిన భవనంలో ఎనిమిదో వంతు తిరిగి ఇవ్వడాన్ని దానం అనాలట. భూస్వామి మన బంజరు కలుపుకుని, కళ్ళంలో రాలిన గింజలు ఏరుకోనిచ్చి దాత అనిపించుకున్నట్టు ఉంటుంది.

మూడోది కొంచెం గట్టిది. మొదట్లో హార్లెం నాయకుల్లో కొందరు ఈ ప్లాన్‌కు ఒప్పుకున్నారు. అది నిజం. 1961లో పెద్దగా గొడవ లేదు. ఏమీ లేని చోట పిల్లలకు ఏదో ఒక జిమ్ వస్తుంది కదా అనుకున్నారు. ఆ తర్వాత ఏడేళ్ళలో బర్మింగ్‌హామ్ జరిగింది, సెల్మా జరిగింది, 1964 పౌరహక్కుల చట్టం వచ్చింది, మాల్కం ఎక్స్‌ను హార్లెంకు పైనున్న ఆడుబన్ హాల్‌లో చంపేశారు. మనుషులు మారారు. ప్లాన్ కాగితం మారలేదు. ఒకప్పుడు తలొంచి తీసుకున్నవాడు ఇప్పుడు తలెత్తి వద్దంటే దాన్ని మాట తప్పడం అనరు. ఆత్మగౌరవానికి కాలపరిమితి లీజు ఉండదు. 1966లో పార్కుల కమిషనర్ థామస్ హోవింగ్ స్వయంగా దీన్ని వ్యతిరేకించాడు. హార్లెం శాసనసభ్యులు పెర్సీ సట్టన్, బేసిల్ ప్యాటర్సన్ రద్దు కోసం ప్రయత్నించారు. యూనివర్సిటీ వినలేదు. 1968 ఫిబ్రవరిలో పార్కులో బండ కొట్టడం మొదలుపెట్టింది. అడ్డుపడిన పేటవాసులు, విద్యార్థులు కొందరు అరెస్టయ్యారు.

దీనికి విద్యార్థులు పెట్టిన పేరు జిమ్ క్రో. దక్షిణాది వివక్ష చట్టాల పేరు జిమ్ క్రో, వ్యాయామశాల కూడా జిమ్మే. ఇంగ్లీషులో రెండింటికీ అక్షరాలు వేరు, పలుకు ఒకటి. తెలుగు లిపిలో రాస్తే ఆ తేడా కూడా మిగలదు. ఆ విధంగా మన లిపి కొలంబియా ట్రస్టీల కంటే నిజాయితీగలది.

అప్పటి అధ్యక్షుడు గ్రేసన్ కిర్క్. ఈ పేరు మనవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. 1952 జూన్‌లో కొలంబియా బాబాసాహెబ్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సైనిక బాధ్యతల మీద యూరప్ వెళ్ళిపోతే, ఆ రోజుల్లో యూనివర్సిటీని తాత్కాలికంగా నడుపుతున్నది ఈ కిర్కే. అంటే, అంటరానివాడిగా పుట్టి రాజ్యాంగం రాసిన మనిషికి పట్టా ఇచ్చిన పాలన, పదహారేళ్ళకు తన పక్క పేట జనానికి కింది గుమ్మం చూపించిన పాలన ఒకే చేతిలో ఉన్నాయి. ఇందులో వింతేమీ లేదు. వేల మైళ్ళ అవతలి అంటరానితనాన్ని ఖండించడం చాలా సులువు. ఖర్చు లేని పని. మన తెలుగు ప్రొఫెసర్లు జార్జ్ ఫ్లాయిడ్ కోసం కవితలు రాసి, తమ డిపార్ట్‌మెంట్‌లో దళిత స్కాలర్‌కు గైడ్ దొరకకపోతే తల తిప్పుకున్నట్టే.

1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్య. 23న క్యాంపస్‌లో ర్యాలీ. వియత్నాం యుద్ధ పరిశోధనలతో యూనివర్సిటీకున్న సంబంధం తెంచాలనేది ఒక డిమాండు, జిమ్ ఆపాలనేది ఇంకోటి. విద్యార్థులు పార్కుకు వెళ్ళి జిమ్ చుట్టూ ఉన్న కంచె లాగేశారు. తిరిగొచ్చి హామిల్టన్ హాల్‌లో బైఠాయించారు. ఆ రాత్రి జరిగినదాన్ని నేను ప్రతి ఏడాదీ మా పిల్లలకు చెప్తాను. నల్ల విద్యార్థులు, వాళ్ళ సంఘం ఆఫ్రో అమెరికన్ సొసైటీ, తమతో ఉన్న తెల్ల రాడికల్ విద్యార్థులను బయటికి వెళ్ళమన్నారు. మీరు వేరే భవనం పట్టుకోండి, ఇది మాది అన్నారు. తెల్లవాళ్ళు వెళ్ళి లో లైబ్రరీ, మరో మూడు భవనాలు పట్టుకున్నారు.

ఇన్నేళ్ళుగా ఈ కథ ఎలా చెప్పారో చూడండి. సినిమాల్లో, జ్ఞాపకాల్లో హీరో మార్క్ రడ్. అధ్యక్షుడి కుర్చీలో కూర్చుని ఆయన చుట్టలు కాల్చిన తెల్ల కుర్రాళ్ళ ఫొటోలు. హామిల్టన్ హాల్ ఒక పేరా. కానీ ఆ ఉద్యమంలో పని పనిలా జరిగింది హామిల్టన్‌లో. లోపల క్రమశిక్షణ, శుభ్రత, లాయర్లతో ముందే మాటలు. హార్లెం నుంచి ఇళ్ళల్లో వండిన అన్నం, కూరలు వచ్చాయి. స్టోక్లీ కార్మైకేల్, రాప్ బ్రౌన్ వచ్చి నిలబడ్డారు. యూనివర్సిటీ నిజంగా భయపడింది ఆ భవనానికే, ఎందుకంటే దాని వెనక హార్లెం ఉంది. కింగ్ చనిపోయి నెల కాలేదు. లోపలి పిల్లల మీద లాఠీ పడితే కొండ కింది నుంచి ఏం ఎక్కి వస్తుందో కిర్క్‌కు తెలుసు.

అందుకే ఏప్రిల్ 30 తెల్లవారుజామున పోలీసులు వచ్చినప్పుడు హామిల్టన్‌లోని ఎనభైమందికి పైగా నల్ల విద్యార్థులు తలెత్తుకుని, వరసగా, దెబ్బ పడకుండా అరెస్టయ్యారు. మిగతా భవనాల్లో తలలు పగిలాయి. మొత్తం 700 మందికి పైగా అరెస్టు, వందమందికి పైగా గాయాలు.

మన క్యాంపస్‌ల్లో ఎర్రజెండా మిత్రులు ఇప్పటికీ అడుగుతారు, "మీకు వేరే సంఘం ఎందుకు, అందరం కలిసే ఉండొచ్చు కదా" అని. హామిల్టన్ హాల్ జవాబు అదే. కలిసి పోరాడటానికి ఒకే గదిలో ఉండక్కర్లేదు. డిమాండు ఒకటే కావచ్చు, కానీ ఓడితే ఎవరు ఏం పోగొట్టుకుంటారన్నది ఒకటి కాదు. జిమ్ ఆగకపోతే తెల్ల రాడికల్ ఒక ఉద్యమం ఓడినవాడు. హార్లెం పిల్లవాడు జీవితాంతం ఆ కింది గుమ్మంలోంచి వెళ్ళాల్సినవాడు. ఎవరి నెత్తిన ఆ భవనం పడుతుందో వాళ్ళ చేతిలో తాళం ఉండాలి. అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ వాళ్ళు హైదరాబాద్‌లో మూడు దశాబ్దాలుగా చెప్తున్నది ఇంతకంటే ఎక్కువేం కాదు. దీన్ని చీలిక అని పిలిచేవాళ్ళు ఒక్కసారి ఆ 1968 లెక్క చూసుకోవాలి. గెలిచింది విడిగా కూర్చున్నవాళ్ళ బలంతో.

గెలిచారు కూడా. పని ఆగిపోయింది. కిర్క్ ఆ ఆగస్టులో దిగిపోయాడు. 1969లో ట్రస్టీలు పార్కు జిమ్‌ను వదులుకున్నారు.

ఇప్పుడు ఈ కథలో నాకు అన్నిటికంటే కోపం తెప్పించే ముక్క. పార్కు పోయాక కొలంబియా జిమ్ లేకుండా ఉండిపోయిందా? లేదు. 1974లో తన క్యాంపస్‌లోనే, పాత జిమ్‌ను ఆనుకుని, నేల అడుగున కొత్తది కట్టుకుంది. డాడ్జ్ ఫిట్‌నెస్ సెంటర్. మెకిమ్ అర్ధచంద్రాకారపు పాత జిమ్‌ను కూడా అందులో కలిపేసింది. అంటే సొంత నేల మొదటి నుంచీ ఉంది. తెలివి మొదటి నుంచీ ఉంది. తన నేల తవ్వుకోవడం కంటే పక్కవాడి పార్కు తీసుకోవడం తేలిగ్గా కనిపించింది, అంతే. "వేరే దారి లేదు" అని పెద్దలు అన్నప్పుడల్లా ఈ నేలమాళిగను గుర్తుచేసుకోండి. వేరే దారి ఎప్పుడూ ఉంటుంది, మనం అడ్డం పడుకున్నాక కనిపిస్తుంది.

ఆ డాడ్జ్ ఎవరో కూడా చెప్పి ముందుకెళ్తాను. మార్సెలస్ హార్ట్‌లీ డాడ్జ్, రెమింగ్టన్ తుపాకుల కంపెనీ వారసుడు. విద్యార్థిగా ఉండగా హాస్టల్ కట్టడానికి డబ్బిచ్చాడు, తాత పేరు మీద. హార్ట్‌లీ హాల్. 1913లో బాబాసాహెబ్ న్యూయార్క్‌లో మొదటి రోజులు గడిపింది ఆ హాస్టల్లోనే. తర్వాత పక్కనున్న లివింగ్‌స్టన్ హాల్‌కు మారి, నవల్ భతేనా అనే పార్సీ మిత్రుడితో ఉన్నారు. ఆ హాస్టళ్ళ నుంచి తూర్పుకు ఒక వీధి దాటితే కొండ అంచు. ఇప్పుడు ఆయన విగ్రహం ఉన్న లేమన్ లైబ్రరీ కూడా ఆ వైపే, పార్కుకు కూతవేటు దూరంలో. మనవాళ్ళు అమెరికా వెళ్ళి ఆ విగ్రహానికి దండ వేసి, ఫొటో దిగి, వెనక్కి తిరిగి లో లైబ్రరీ మెట్ల వైపే వెళ్తారు. ఒక్కరైనా తూర్పుకు నడిచి కొండ దిగి చూడండి. 1968లో తవ్వి వదిలేసిన గుంత ఏళ్ళ తరబడి కంచెతో అలాగే ఉంది. 1990 నాటికి దాన్ని చెరువుగా, జలపాతంగా మార్చారు. బాతులు తిరుగుతుంటాయి. ఇది చూడకుండా కొలంబియా చూశామనకండి.

యూనివర్సిటీకి బుద్ధి వచ్చిందా అంటే, కొంచెం ఉత్తరాన మాన్‌హటన్‌విల్‌లో 17 ఎకరాల విస్తరణకు ప్రైవేటు స్థలాలను బలవంతంగా తీసుకోవచ్చని 2010లో రాష్ట్ర అత్యున్నత కోర్టు తీర్పు తెచ్చుకుంది. 2024 ఏప్రిల్ 30న, సరిగ్గా అదే తేదీన, గాజా కోసం హామిల్టన్ హాల్ పట్టుకున్న విద్యార్థుల మీదికి మళ్ళీ పోలీసులను పిలిచింది.

ఇక మన గుమ్మాలు. తెలుగులో ఒక మాట ఉంది, దొడ్డిదారి. దొడ్డి అంటే పశువులను కట్టే చోటు, ఇంటి వెనక భాగం. పాకీ పనివాళ్ళు, చాకలి, చెప్పులు కుట్టేవాడు వచ్చే దారి. ఈ మాట ఇప్పుడు ఎక్కడ వినిపిస్తుంది? "రిజర్వేషన్‌తో దొడ్డిదారిన సీటు కొట్టేశారు" అనే చోట. ఎంత ఘనమైన తలకిందులో చూడండి. వందల ఏళ్ళు మన తాతలను దొడ్డిదారిన తప్ప రానివ్వనివాళ్ళు, మనం రాజ్యాంగం అనే ముందు గుమ్మంలోంచి, నోటిఫికేషన్ ప్రకారం, రోస్టర్ ప్రకారం వస్తుంటే దాన్ని దొడ్డిదారి అంటున్నారు. అసలు దొడ్డిదారి మేనేజ్‌మెంట్ కోటా. దానికి మాత్రం రిసెప్షన్‌లో ఏసీ పెట్టి, కాఫీ ఇచ్చి, ముందు గుమ్మంలోంచే పిలుస్తారు.

కొలంబియాలో కట్టకుండా ఆపిన గుమ్మాన్ని మన ఐఐటీ మద్రాసు మెస్సులో 2018 డిసెంబరులో పెట్టారు. శాకాహారులకు వేరే ద్వారం, మాంసాహారులకు వేరే ద్వారం, చేతులు కడుక్కునే చోట్లు కూడా వేరు. గోడకు పోస్టర్లు అంటించారు. అంబేడ్కర్ పెరియార్ స్టడీ సర్కిల్ విద్యార్థులు ఫొటోలు బయటపెట్టాక తీసేశారు. అక్కడ కూడా సమాధానం సౌకర్యమే. కొండ వాలులాగే, తిండి అలవాటు కూడా దానంతట అదే గుమ్మం పెట్టుకుందట.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో గుమ్మాన్ని కాగితం మీద కట్టారు. 2015లో ఐదుగురు దళిత స్కాలర్లను హాస్టల్ నుంచి వెలివేసి, అడ్మినిస్ట్రేషన్ బిల్డింగులోకి, ఉమ్మడి స్థలాల్లోకి గుంపుగా రాకూడదని ఆంక్ష పెట్టారు. ఇటుక లేదు, సిమెంటు లేదు, ఒక్క ఆర్డరు చాలు. వాళ్ళు 2016 జనవరిలో పరుపులు, బాబాసాహెబ్ పటం తెచ్చుకుని షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర ఆరుబయట వెలివాడ కట్టారు. ఈ దేశంలో క్యాంపస్ ఆర్కిటెక్చర్ చరిత్ర ఎవరైనా రాస్తే, ఆ ఫ్లెక్సీల గుడారానికి ఒక అధ్యాయం ఇవ్వకపోతే అది చరిత్ర కాదు. 17న రోహిత్ వెళ్ళిపోయాడు.

హామిల్టన్ హాల్ వెనక హార్లెం ఉందన్నాను. వెలివాడ వెనక ఏ పేట ఉంది? గచ్చిబౌలి గ్లాసు టవర్లు ఉన్నాయి. మన క్యాంపస్‌లన్నీ మన పల్లెలకు దూరంగా, బస్సు కూడా సరిగ్గా రాని చోట, ప్రహరీ గోడల మధ్య ఉన్నాయి. కొలంబియా చేసిన ఒకే ఒక్క పొరపాటు వాడకు మరీ దగ్గరగా కట్టుకోవడం అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. మన పాలకులు ఆ పొరపాటు చేయలేదు. కాబట్టి క్యాంపస్‌లో ఏదైనా జరిగితే ఆ రాత్రికే అన్నం మోసుకొచ్చే తల్లులు గేటు దగ్గర ఉండేలా సంఘాలు ముందే పని చేసుకోవాలి. పక్కనున్న బస్తీలో, మెస్ వర్కర్ల ఇళ్ళల్లో, స్వీపర్ల కాలనీలో మీకు ఎంతమంది పేర్లతో తెలుసు? అక్కడ మొదలుపెట్టండి.

వచ్చే వారం సాంఘిక సంక్షేమ హాస్టళ్ళ గురించి రాస్తాను. అవి ఊరికి ఏ దిక్కున, ఎంత దూరంలో, శ్మశానం పక్కనా, చెరువు పక్కనా కట్టారో చూడాలి. మీ హాస్టల్ ఎక్కడ ఉంది, దారి ఎటు నుంచి, మెస్సులో ఎన్ని గుమ్మాలు, జిమ్ ఉంటే దాని తాళం ఎవరి దగ్గర ఉంటుంది, అమ్మాయిలకు ఎన్ని గంటల దాకా తెరుస్తారు, ఇవన్నీ రాసి ఇన్‌బాక్స్‌కు పంపండి. మీ పేరు వేయను. ఫొటో పంపితే మనుషుల ముఖాలు లేకుండా చూసుకోండి.

జై భీమ్.